కింగ్‌డమ్ అనిమే: చూసేవారు పదే పదే అడిగే ప్రశ్నలు

ప్రాచీన చైనాలో ఏడు రాజ్యాలు ఒకదాన్నొకటి కబళించడానికి పోరాడిన కాలం మీద జపాన్‌లో తీసిన అనిమే (యానిమేషన్ ధారావాహిక) ‘కింగ్‌డమ్’. యసుహిస హారా 2006 నుంచి గీస్తున్న మాంగా (జపాన్ బొమ్మల కథ) దీనికి మూలం. దీన్ని చూడమని ఎవరికి చెప్పినా వారం తిరక్కుండా అవే ఫిర్యాదులు, అవే సందేహాలు, అవే తగాదాలు వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మీరు ఎంతవరకు చూశారన్నదాన్ని బట్టి విభాగాలు చేశాను. మొదటి రెండు విభాగాల్లో ఎవరి చావూ బయటపెట్టలేదు. ఆ తర్వాత మాత్రం దాపరికం లేదు, చూసుకుని చదవండి.

## చూడాలా వద్దా అని తేల్చుకోలేనివారికి

కొందరు నెత్తిన పెట్టుకుంటున్నారు, కొందరు రెండు ఎపిసోడ్లకే ఆపేశామంటున్నారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ చూసింది ఒకే కింగ్‌డమ్ కాదు. 2012 జూన్‌లో మొదలైన తొలి సీజన్‌ను త్రీడీ కంప్యూటర్ బొమ్మలతో నింపేశారు. అది చూసి విసుగెత్తి వదిలేసినవారు ఒక వర్గం. పళ్లు బిగబట్టి ఆ గట్టు దాటినవారు రెండో వర్గం. ఈ రెండో వర్గానికి కథ మీద మమకారం ఎంతంటే, ఎవరైనా ఇంకో యుద్ధ అనిమేను పొగిడితే చాలు, ‘ముందు కింగ్‌డమ్ చూసి రండి’ అంటారు. నేనూ ఆ వర్గంవాణ్నే కాబట్టి నా తూకం కాస్త అటే మొగ్గుతుంది.

కథ బలం గురించి మాత్రం పెద్దగా వాదన లేదు. మాంగాకు 2013లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం ప్రధాన బహుమతి వచ్చింది. 2023 నాటికి ప్రతులు 10 కోట్లు దాటాయి. తగాదా అంతా ఆ కథను తెరమీద ఎలా చూపించారన్న దాని మీదే.

ఆ త్రీడీ బొమ్మలు భరించలేకపోతున్నాను. ఎంతకాలం ఓర్చుకోవాలి?

మొదటి పది పదిహేను ఎపిసోడ్లు గట్టిగా పరీక్ష పెడతాయి. మనుషులు నడుస్తుంటే పాదాలు నేలకు ఆనినట్టు ఉండవు. కోపం వచ్చినా ఏడుపు వచ్చినా ముఖం ఒకేలా ఉంటుంది. మాట్లాడే మనిషిని చేత్తో గీసి, మరుక్షణమే అదే మనిషిని త్రీడీ బొమ్మగా చూపిస్తారు. కంటికి ఆ కుదుపు తెలుస్తూనే ఉంటుంది. అభిమానులు కూడా దీన్ని వెనకేసుకు రారు, నేనూ రాను.

నిర్మించిన స్టూడియో పియెరో విమర్శలు విన్నట్టే ఉంది. సీజన్ నడిచేకొద్దీ చేతి గీత పెరుగుతుంది. 2013లో వచ్చిన రెండో సీజన్‌లో చాలామటుకు చేతి గీతే. 2020లలో వచ్చిన సీజన్లలో త్రీడీ ఎక్కువగా దూరం నుంచి కనిపించే సైన్యాలకే పరిమితమైంది. అక్కడ అది అంతగా బాధించదు. వేలాది గుర్రాలను ఒక్కొక్కటిగా చేత్తో గీయమని అడగడం న్యాయం కాదు కూడా.

ఓపిక లేనివారికి ఒక సలహా: తొలి ఎపిసోడ్లను రాత్రి ఒకటి చొప్పున కాకుండా వరుసగా నాలుగైదు చూడండి. కథ ఊపులో పడితే కన్ను అలవాటు పడుతుంది. రోజుకొకటి చూస్తే రోజూ కొత్తగా విసుగొస్తుంది.

నేరుగా మూడో సీజన్ నుంచి మొదలుపెడితే నష్టమేమిటి?

చాలామంది చేసే పనే ఇది. నా దృష్టిలో చాలా పెద్ద నష్టం. మూడో సీజన్‌లో బరువంతా పాత పరిచయాల మీద ఉంటుంది. ఎవరి ఆయుధం ఎవరి చేతిలో ఉంది, ఒక సేనాని పేరు వినగానే శత్రువులు కూడా ఎందుకు తల వంచుతారు, సామాన్య సిపాయి ఒకడు పడిపోతే మిగతావాళ్లు ఎందుకు అంతగా విలవిలలాడతారు అనేవన్నీ మొదటి 77 ఎపిసోడ్లలో నాటినవే. అవి తెలియకుండా చూస్తే మూడో సీజన్ కేవలం బాగా గీసిన కోట ముట్టడిగా మిగిలిపోతుంది.

మొదటి సీజన్ బదులు సినిమాలు చూడవచ్చా?

చూడవచ్చు. బొమ్మల బాధ పడలేనివారికి నేను చెప్పే దగ్గరిదారి అదే. నటులతో తీసిన జపనీస్ సినిమాలు 2019, 2022, 2023, 2024లలో నాలుగు వచ్చాయి. కథానాయకుడు షిన్ పాత్ర కెంతో యమజాకి చేశాడు. ఆ నాలుగూ కలిసి ఇంచుమించు మొదటి సీజన్ కథను చెప్పేస్తాయి. అవి చూసి రెండో సీజన్‌లోకి దిగితే కథ అందుతుంది. కానీ షిన్ దళంలోని చిన్న చిన్న సిపాయిలు సినిమాల్లో గుంపులో కలిసిపోతారు. ఆ ఊరివాళ్ల హాస్యం, వాళ్ల భయం తెలియాలంటే అనిమేకు రావలసిందే.

చైనా చరిత్ర ముందే చదవాలా?

అక్కర్లేదు. ఏడు రాజ్యాల పేర్లు తెలిస్తే చాలు: చిన్, జావ్, వెయ్, హాన్, చూ, యెన్, చి. మన కథానాయకులు పశ్చిమాన ఉన్న చిన్ రాజ్యంవారు. ప్రతి యుద్ధానికి ముందు పటం చూపిస్తారు. ఆ పటం వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టి తెరవైపు చూడండి, అంతకన్నా సిద్ధపాటు వద్దు.

ఇంట్లో పిల్లలు కూడా చూస్తామంటున్నారు, చూపించవచ్చా?

హైస్కూలు దాటినవారికైతే పరవాలేదు. తలలు తెగుతాయి, ఊళ్లు తగలబడతాయి. ఐదో సీజన్ పెద్దలకే కష్టం. పదేళ్ల పిల్లలకు వద్దనే చెబుతాను.

## మొదటి సీజన్ నడుస్తుండగా

సబ్‌టైటిళ్లలో ఒక పేరు, చర్చల్లో ఇంకో పేరు. వీళ్లంతా వేర్వేరు మనుషులా?

ఒకే మనుషులు. చైనా పేర్లను జపాన్‌వారు తమ పద్ధతిలో చదువుతారు. కొన్ని సబ్‌టైటిళ్లు జపాన్ ఉచ్చారణ వాడతాయి, కొన్ని చైనా ఉచ్చారణ వాడతాయి. తరచూ తడబడే పేర్లివి: షిన్ అంటే లీ షిన్. రాజు ఎయ్ సెయ్ అంటే యింగ్ జెంగ్. ఓకి అంటే వాంగ్ చి. క్యోకయ్ అంటే చియాంగ్ లెయ్. రిబొకు అంటే లీ మూ. ఓసెన్ అంటే వాంగ్ జియాన్. కన్కి అంటే హువాన్ యి. ర్యో ఫుయి అంటే లూ బువెయ్. ఇక్కడ నేను జపాన్ ఉచ్చారణే వాడుతున్నాను. అనిమేలో చెవిన పడేది అదే కదా. చరిత్ర పుస్తకం తెరిస్తే మాత్రం చైనా పేర్లతో వెతకాలి.

షిన్ ఎప్పుడూ అరుస్తూనే ఉంటాడేమిటి? ఇతనేనా కథానాయకుడు?

ఈ ఫిర్యాదు చేయని కొత్త ప్రేక్షకుడిని నేను చూడలేదు. షిన్ బానిస కుర్రాడు. చదువు లేదు, మర్యాద తెలియదు, రాజును కూడా పేరు పెట్టి పిలుస్తాడు. అతనికి తెలిసింది ఒక్కటే: స్నేహితుడు హ్యోతో కర్రసాము. ఇద్దరూ 1,253 సార్లు తలపడ్డారని, తనకు 334 గెలుపులు, 332 ఓటములు, మిగతా 587 సమానమని లెక్క చెబుతాడు. అంత ఖచ్చితంగా గుర్తుపెట్టుకునే పిల్లవాడికి లోకంలో ఇంకేమీ లేదని ఆ లెక్కే చెబుతుంది.

అరుపులు పూర్తిగా తగ్గవు, ఆశ పెట్టుకోవద్దు. కానీ పెద్ద దళాన్ని నడిపే వేళకు ఆ అరుపుకి పని దొరుకుతుంది. అలిసిపోయిన వందల మందిని లేపి నిలబెట్టేది అదే. అప్పటికి మీకే నచ్చడం మొదలవుతుంది, లేదా చెవికి అలవాటవుతుంది.

బానిస సేనాపతి కావడం అప్పట్లో నిజంగా జరిగేదా?

బానిసగా మొదలై మహాసేనాని కావడం కథకుడి ఊహ. అయితే సామాన్యుడు యుద్ధంలో పైకెక్కే మెట్లు చిన్ రాజ్యంలో నిజంగానే ఉండేవి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో మంత్రి షాంగ్ యాంగ్ తెచ్చిన సంస్కరణల్లో పుట్టుకను బట్టి కాకుండా యుద్ధంలో నరికిన శత్రువుల తలలను బట్టి హోదా ఇచ్చే పద్ధతి వచ్చింది. హోదాతోపాటు భూమి, ఇల్లు దక్కేవి. ఇరవై మెట్ల వరస అది. సైన్యంలో అతిచిన్న జట్టు ఐదుగురిది. అందులో ఒకడు చస్తే మిగతావారు దానికి శత్రువు తలతో లెక్క చెప్పాలి. షిన్ కూడా ఐదుగురి జట్టులోనే మొదలై వందమందికి, తర్వాత వెయ్యిమందికి నాయకుడవుతాడు. ఈ మెట్ల లెక్క అభిమానులకు పండగ. ప్రతి పదోన్నతికీ సొంత మనిషికి ఉద్యోగం వచ్చినంత సంబరపడతారు.

యుద్ధంలో ఆడవాళ్లు ఇంత ముందుంటారా? క్యోకయ్ నిజంగా ఉందా?

పేరు నిజం, మిగతాది కల్పన. చియాంగ్ లెయ్ అనే చిన్ సేనాని క్రీ.పూ. 229, 228లలో జావ్ మీద దండెత్తినట్టు చరిత్రలో ఉంది. స్త్రీ అని ఎక్కడా లేదు. కొండజాతుల రాణిగా కనిపించే యోతన్వా కూడా అంతే. యాంగ్ దువాన్‌హ అనే సేనాని పేరు ఒకటుంది. ముఖం, పుట్టుక, కొండలు హారా ఇచ్చినవి. ఆ రెండు పొడి పేర్లలోంచి కథలోకెల్లా ఆదరణ పొందిన ఇద్దరు స్త్రీలను తీయడం మామూలు నేర్పు కాదు. ‘చరిత్రను చెడగొట్టాడు’ అనేవారికి నా జవాబు ఇదే: పేరు తప్ప ఏమీ మిగలని చోట చెడగొట్టడానికి ఏముంది?

## ఓకి తర్వాత, సంకీర్ణ సైన్యం దాకా (ఇక్కడినుంచి మరణాలు చెప్పేస్తున్నాను)

ఓకి కోసం ఇంతమంది ఏడుస్తారెందుకు? మొదట్లో ఆ పెదవులు, ఆ నవ్వు చూసి నవ్వులాట పాత్ర అనుకున్నాను.

ఓకి చిన్ మహాసేనాని. అందరూ అలాగే అనుకుంటారు, హారాకు కావలసింది కూడా అదే. లావుపాటి పెదవులు, సాగదీసిన మాట, ‘కొకొకొకొ’ అనే నవ్వు. ఎవరి పక్షమో తేలదు. సింహాసనం గొడవలో అందరి కన్నా పైనుంచి వినోదం చూస్తున్నట్టు ఉంటాడు. అలాంటివాడు బయో యుద్ధంలో తొలిసారి మనసు విప్పి పోరాడతాడు. గెలవబోతుండగా వెనకనుంచి బాణం తగులుతుంది. ఆ ఒక్క క్షణం సందులోంచి జావ్ సేనాని హోకెన్ ఆయుధం గుండెలో దిగుతుంది.

అసలు ఘట్టం ఆ తర్వాతే. చావు ఖాయమైన మనిషి షిన్‌ను తన గుర్రం మీదికి ఎక్కించుకుంటాడు. కళ్లెం పిల్లవాడి చేతిలో ఉంటుంది, వెనక పెద్దాయన ఒళ్లు బరువెక్కుతూ ఉంటుంది. తలెత్తి చూడమంటాడు. శత్రువుల గుంపు, వాళ్ల ముఖాలు, మన వాళ్ల ముఖాలు, ఆకాశం, నేల చూపించి, మహాసేనాని గుర్రం మీదినుంచి లోకం ఇలా కనిపిస్తుందని చెబుతాడు. ఆ తర్వాత తన పొడవాటి పిడి కత్తిని షిన్ చేతికిస్తాడు. షిన్ దాన్ని మోయగలిగే స్థితికి రావడానికి ఏళ్లు పడుతుంది. ప్రేక్షకులు ఆ కత్తి కోసం కూడా ఏళ్లు ఎదురుచూశారు.

ఇంతకీ చరిత్రకారుడు సిమా చియెన్ క్రీ.పూ. 244 కింద ఓకి గురించి రాసింది మూడే అక్షరాలు: వాంగ్ చి చనిపోయాడని. ఎక్కడో, ఎలాగో లేదు. అదే ఏడు చిన్ సేనాని మోగో హాన్ రాజ్యం మీద దండెత్తి 13 పట్టణాలు పట్టుకున్నాడన్న వాక్యం పక్కనే ఈ ముక్క పడి ఉంది.

రెండో, మూడో సీజన్ల మధ్య అంత విరామం ఎందుకు? మధ్యలో ఆగిపోయిందని కూడా విన్నాను.

రెండో సీజన్ 2014 మార్చిలో ముగిసింది. మూడోది 2020 ఏప్రిల్‌లో మొదలైంది. ఆరేళ్ల ఎదురుచూపు ఫలించిందని సంబరపడేలోగా కరోనా వచ్చి నాలుగు ఎపిసోడ్లకే ఆపేసింది. 2021 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి ఎపిసోడ్ నుంచి వేసి 26 ఎపిసోడ్లు పూర్తి చేశారు. హిరోయుకి సవానో, కోతా యమమోతో సంగీతం తోడయ్యాక యుద్ధాలకు కొత్త గుండె చప్పుడు వచ్చింది. త్రీడీ బొమ్మలకు ఏనాడో దండం పెట్టి వెళ్లిపోయినవారు చాలామంది తిరిగి వచ్చింది ఇప్పుడే.

సంకీర్ణ సైన్యం ఘట్టమే అన్నిటికన్నా గొప్పదంటారు. నిజమేనా?

ఇతర రాజ్యాలు కలిసి చిన్ మీద దండెత్తే ఘట్టమిది. నాకైతే నిజమే, ముఖ్యంగా కంకోకు కనుమ వెనక సాయ్ అనే చిన్న పట్టణానికి కథ మారిన తర్వాత. అప్పటిదాకా మహాసేనానుల ఆటగా సాగిన యుద్ధం అక్కడ ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు గోడెక్కే యుద్ధమవుతుంది. ఎయ్ సెయ్ రాజధాని వదిలి స్వయంగా వస్తాడు. జనాన్ని బెదిరించడు, బలవంతపెట్టడు, ఏం పోబోతోందో చెబుతాడు. ఆ మాటకు లేచిన జనాన్ని తానే చావుకు పంపుతున్నానని అతనికి తెలుసు. ఆ ఎరుక ముఖంలో కనిపిస్తుంది. రాత్రిళ్లు కూడా నిద్రపోనివ్వకుండా జావ్ సేనాని రిబొకు బూటకపు దాడులు చేయిస్తాడు. ఏడో రోజుకు గోడమీద ఉన్నవాళ్లు నిలబడే నిద్రపోతుంటారు. కొండజాతుల సైన్యం దిగే క్షణం ముందే ఊహించినా ఒళ్లు జలదరిస్తుంది.

చరిత్రలో ఈ దాడి క్రీ.పూ. 241లో జరిగింది. సంకీర్ణ సేనలు సాయ్‌ని కొట్టాయి, పట్టుకోలేకపోయాయి. రాజు అక్కడ కత్తి పట్టాడన్నది కథ.

హోకెన్ అంటే అభిమానులకు అంత చిరాకెందుకు?

వ్యూహాల కథలో వ్యూహమే అక్కర్లేని రాక్షసుడిలా వచ్చిపడతాడు కాబట్టి. ఓకిని చంపాడు, తర్వాత చిన్ సేనాని హ్యోకో దొరను చంపాడు. తాను యుద్ధదేవుడినంటాడు. పక్కవాళ్ల బాధ పట్టదు. ‘ఇంత కట్టిన యుద్ధాన్ని ఒక్కడు వచ్చి తేల్చేయడమేమిటి?’ అన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. విచిత్రమేమిటంటే చరిత్రలోని పాంగ్ న్వాన్ ఒంటరి రాక్షసుడేమీ కాడు. క్రీ.పూ. 241 సంకీర్ణ సేనల్ని నడిపిన పెద్ద సేనాని. ఆ బుద్ధిబలాన్ని హారా రిబొకుకి బదలాయించి, హోకెన్‌కు కండబలం మిగిల్చాడు. ఎందుకలా చేశాడో అర్థమవుతుంది. నచ్చాలని లేదు.

జావ్ సేనాని మన్‌గొకు చెప్పే నాలుగు లక్షల మంది సజీవ సమాధి కథ నిజమా?

చాంగ్‌పింగ్ యుద్ధం నిజం, క్రీ.పూ. 260. లొంగిపోయిన జావ్ సైనికులను చిన్ సేనాని బాయ్ చి చంపించాడని సిమా చియెన్ రాశాడు. నాలుగు లక్షలన్న లెక్కను చరిత్రకారులు చాలామంది అతిశయోక్తిగా చూస్తారు. అయితే షాన్సీ రాష్ట్రంలోని గావ్‌పింగ్ దగ్గర 1995లో తవ్విన గోతిలో సుమారు 130 మంది అస్థికలు బయటపడ్డాయి. గోతులైతే ఉన్నాయి.

మనకు తెలిసిన కాలంతో పోల్చుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అశోకుడి కళింగ యుద్ధం సాధారణంగా క్రీ.పూ. 261 ప్రాంతమంటారు. నేటి శ్రీకాకుళం వైపు కూడా పాకిన కళింగలో నెత్తురు పారిన మరుసటి ఏడే అక్కడ చాంగ్‌పింగ్. అశోకుడు తన పశ్చాత్తాపాన్ని రాతిమీద చెక్కించాడు. బాయ్ చి మూడేళ్ల తర్వాత రాజు పంపిన కత్తితో చచ్చే ముందు, లొంగినవాళ్లను మోసం చేసి పూడ్పించినందుకు తనకిది తగిందేనన్నాడని సిమా చియెన్ రాశాడు.

మన్‌గొకు ఆ గోతిలోంచి లేచినవాడిలా వచ్చి షిన్‌ను నిలదీస్తాడు. ఆ పగకు నీ దగ్గర జవాబుందా అని అడుగుతాడు. మొత్తం కథలో షిన్ ఎదుర్కొన్న కష్టమైన ప్రశ్న అదే. అతని జవాబు, అంటే రాజ్యాలన్నీ ఒక్కటైతే యుద్ధమే ఉండదన్న ఎయ్ సెయ్ కల, చచ్చినవాళ్లకు సరిపోతుందా అన్నది ఇప్పటికీ ఎడతెగని వాదన. సరిపోదనే నా ఉద్దేశం. షిన్‌కూ అది తెలిసినట్టే గీశారు, అందుకే ఆ ఘట్టం నిలబడింది.

## ఐదో సీజన్ దగ్గర ఆగిపోయినవారికి

కన్కి చేసేవి చూడలేకపోయాను. అయినా కొందరు అతన్ని పొగుడుతున్నారేమిటి?

2024 జనవరి నుంచి మార్చి దాకా 13 ఎపిసోడ్లుగా వచ్చిన ఐదో సీజన్ అభిమానులను నిలువునా చీల్చింది. కొకుయో కొండల యుద్ధాన్ని చిన్ సేనాని కన్కి యుద్ధరంగంలో గెలవడు. ఊళ్లమీద పడి జనాన్ని చంపించి, ఆ శవాలతో చేయించిన వికృతమైన కట్టడాన్ని శత్రువు కంటపడేలా పంపుతాడు. ఎదుటి సేనాని జనం మీద దయతో కొండ దిగుతాడు, యుద్ధం ముగుస్తుంది.

పొగిడేవారి వాదన: ప్రత్యర్థి బలహీనత దయ అని కనిపెట్టి, దాన్నే కొట్టాడు, వ్యూహంగా అది తిరుగులేనిది. తిట్టేవారి వాదన: అలాంటివాడిని కథ ఆకర్షణీయంగా చూపించడమే తప్పు. నాకు రెండో వాదన సగమే ఒప్పు. ఎందుకంటే అదే సీజన్‌లో షిన్ దళంలోని బిహెయ్ వంతు వస్తుంది. బిహెయ్ ఊరి కుర్రాడు, మొదటి రోజునుంచీ తోడున్నవాడు. కన్కి మనుషులతో తిరిగి, దోపిడి సొమ్ములో చిన్న ముక్క పుచ్చుకుంటాడు. అందరూ చేసేదే కదా అన్న ధోరణి అతని మాటలోకి వస్తుంది. షిన్ అతన్ని చితకబాది దళంలోంచి పొమ్మంటాడు. శవాల కుప్ప కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. క్రూరత్వం మహాసేనానుల గుడారాల్లోనే ఉండదని, మంచివాడి జేబులోకి కూడా ఎంత తేలిగ్గా జారుతుందో చూపించారు.

రిబొకు ప్రతిసారీ తప్పించుకుంటాడు. రచయిత కాపాడుతున్నట్టు లేదూ?

ఉంది. ఓకిని చంపించిన పథకం అతనిదే కాబట్టి కొందరు క్షమించరు, ఎన్నిసార్లు ఓడినా చావడు కాబట్టి ఇంకొందరు విసుక్కుంటారు. కానీ హారా చేతులు చరిత్ర కట్టేసింది. లీ మూ ఉత్తరాన ‘షియోంగ్‌ను’ అనే సంచారజాతులను అడ్డుకున్నవాడు, తర్వాత చిన్ సైన్యాలను పదే పదే వెనక్కి కొట్టినవాడు. చివరకు క్రీ.పూ. 229లో, చిన్ లంచం తిన్న ఆస్థానికుడి చాడీలు నమ్మి సొంత రాజే చంపించాడు. యుద్ధంలో ఓడనివాడిని కథలో ముందే ఎలా చంపుతారు? అతని అంతం తెలిసి చూస్తే కోపం కన్నా జాలి ఎక్కువ కలుగుతుంది.

## చరిత్ర వెతకడం మొదలుపెట్టాక

షిన్ నిజంగా ఉన్నాడా? అతనికి ఏమవుతుంది?

లీ షిన్ ఉన్నాడు. ఎక్కడ పుట్టాడో, ఎవరి కొడుకో రాయలేదు. ఆ ఖాళీలోనే హారా బానిస బాల్యాన్ని పెట్టాడు. యువకుడని, సాహసి అని, కొన్ని వేలమందితో యెన్ యువరాజు దాన్‌ను తరిమాడని రాశారు.

అభిమానులు గుండె గుప్పిట్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నది క్రీ.పూ. 225 కోసం. చూ రాజ్యాన్ని పట్టడానికి ఎంత సైన్యం కావాలని రాజు అడిగితే లీ షిన్ రెండు లక్షలు చాలన్నాడు. వాంగ్ జియాన్, అంటే అనిమేలోని ఓసెన్, ఆరు లక్షలకు తగ్గితే కుదరదన్నాడు. రాజు కుర్రవాడి మాట విన్నాడు. చూ సైన్యం మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆగకుండా వెంటాడి లీ షిన్‌ను చిత్తు చేసింది. ఏడుగురు దళనాయకులు చచ్చారు. మరి ఆ ఏడుగురు ఎవరు? షిన్ చుట్టూ ఉన్న మనకు తెలిసిన ముఖాలేనా? అభిమానుల భయమంతా అదే. లీ షిన్‌కు మరణశిక్ష పడలేదు. తర్వాత యెన్, చి రాజ్యాల మీది దండయాత్రల్లో మళ్లీ కనిపిస్తాడు. చిన్ తర్వాత వచ్చిన హాన్ వంశ (ఏడు రాజ్యాల్లోని హాన్ వేరు) కాలపు ప్రసిద్ధ సేనాని లీ గువాంగ్ ఇతని వంశంవాడే.

చరిత్ర చెప్పేస్తే స్పాయిలర్ అవుతుందా?

మిత్రుల మధ్య మాటలు పోగొట్టేంత గొడవ ఇది. ‘రెండు వేల రెండు వందల ఏళ్ల నాటి సంగతికి స్పాయిలర్ ఏమిటి?’ అని ఒకరు, ‘మాకు తెలియదు, చెప్పొద్దు’ అని ఇంకొకరు. చిన్ గెలుస్తుందన్నది దాచడం కుదరదు. ఎయ్ సెయ్ క్రీ.పూ. 221లో తొలి చక్రవర్తి అవుతాడని పాఠ్యపుస్తకమే చెబుతుంది. మొదటిసారి చూస్తున్నవారి దగ్గర మాత్రం పాత్రల చావులు అడిగితే తప్ప చెప్పవద్దు. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలిసే కదా అభిమన్యుడి దగ్గర కంటతడి పెడతాం, ఇక్కడా ముగింపు తెలిసినందువల్ల రుచి తగ్గదు.

ఆ ఆయుధాలు, ఆ గుర్రపు దాడులు అప్పటివేనా?

చాలావరకు కావు. షిన్‌కు దక్కిన భారీ కత్తిలాంటి ఆయుధం తర్వాతి శతాబ్దాలది. అప్పటి సిపాయి చేతిలో కొడవలిలా అడ్డంగా బిగించిన అలుగున్న పొడవాటి కర్ర, కంచు కత్తి, గట్టి మీట ఉన్న అడ్డవిల్లు ఉండేవి. ఇక గుర్రాలు: 1974లో షిఆన్ దగ్గర బయటపడ్డ మట్టి సైన్యంలోని గుర్రాలను గమనించండి. వీపుమీద జీను ఉంటుంది, రౌతు పాదం పెట్టే రికాబు ఉండదు. చైనాలో రికాబులు కనిపించేది ఇంచుమించు ఐదువందల ఏళ్ల తర్వాత. అవి లేకుండా గుర్రం మీద లేచి నిలబడి నలుగురిని ఒక్క వేటుతో నరకడం అనిమేలోనే సాధ్యం. ఇలాంటివి పట్టించుకుంటే సరదా పోతుందనేవారున్నారు, నాకైతే పట్టుకోవడమే సరదా.

ఎయ్ సెయ్ చివరకు నియంత అవుతాడు కదా. మనం తప్పు పక్షానికి చప్పట్లు కొడుతున్నామా?

ఈ ప్రశ్న మనసులో మెదలనివారు కింగ్‌డమ్‌ను సగమే చూసినట్టు. నాలుగో సీజన్‌లో రాజధాని కన్యో మీద తిరుగుబాటు సేన పడుతుండగా ఎయ్ సెయ్, చిన్ ప్రధాని ర్యో ఫుయి ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటారు. డబ్బు, వర్తకం లోకాన్ని కలుపుతాయని ర్యో ఫుయి అంటాడు. మనిషి స్వభావం వెలుగని, యుద్ధాన్ని తన తరంలోనే అంతం చేస్తానని రాజు అంటాడు. కళ్లు చెమర్చినవారు చాలామంది. నాకు మాత్రం వాదనలో ర్యో ఫుయి గెలిచాడనిపించింది. ఇరుగుపొరుగు రాజ్యాలను బతకనిస్తూ లాభపడే దారి అతని దగ్గరుంది. రాజు దారి ఆ రాజ్యాల శవాల మీదుగా వెళ్లాలి.

చరిత్ర ఏం చెబుతుందంటే: హాన్ 230, జావ్ 228, వెయ్ 225, చూ 223, యెన్ 222, చి 221, ఇదే వరసలో ఆరు రాజ్యాలూ పోయాయి. వెయ్ రాజధానిని ఓహొన్, అంటే వాంగ్ బెన్, నదీజలాలు మళ్లించి ముంచి పట్టుకున్నాడు. మనం మెచ్చుకునే ఆ బిగువైన యువసేనానే. క్రీ.పూ. 213లో పుస్తకాలు తగలబెట్టించారు. చక్రవర్తి 210లో చనిపోయాడు, మరో నాలుగేళ్లకు రాజ్యమే పోయింది. ఇక యుద్ధాలే ఉండవన్న కల పదిహేనేళ్లు నిలిచింది.

చిన్ పాలన మీద చెడ్డమాటల్లో కొంత ఆ తర్వాత వచ్చిన హాన్ వంశంవారు పెంచినవేనని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. హారా ఆ సందునే వాడుకున్నాడు. ఆ కుర్ర రాజు నిజాయితీపరుడైతే ఎలా ఉండేదని అడిగాడు. చప్పట్లు కొట్టండి, తప్పులేదు. హాన్ రాజ్యం వంతు వచ్చినప్పుడు అక్కడి సేనానికీ తల్లీ పిల్లలూ ఉంటారని మాత్రం గుర్తుంచుకోండి. మంచి ఎపిసోడ్లలో కింగ్‌డమ్ కూడా ఆ సంగతి మరిచిపోదు.

## చూసిందంతా అయిపోయినవారికి

ఆరో సీజన్ ఎక్కడినుంచి మొదలవుతుంది? తొందరగా ముగిసినట్టుందే?

2025 అక్టోబరులో మొదలైన ఆరో సీజన్‌తో జావ్ రాజ్యపు గ్యో నగరం మీది దండయాత్ర ఆరంభమవుతుంది. మాంగాలో ఇది చాలా పొడవైన ఘట్టం. ఒక్క సీజన్‌లో సర్దడం కుదిరే పని కాదు. మొదటి నాలుగు సీజన్లలో 26 నుంచి 39 దాకా ఎపిసోడ్లు వచ్చేవి, ఐదోదాని నుంచి 13కు తగ్గించారు. గీత మెరుగుపడింది, కడుపు మాత్రం నిండడం లేదు. నాకైతే ఈ బేరమే నయం.

ఆగలేను. మాంగా ఎక్కడినుంచి చదవాలి?

ఐదో సీజన్ దాకా చూసినవారు 46వ సంపుటంతో మొదలుపెడితే కథ ఇంచుమించు అతుకుతుంది. మాంగా 70 సంపుటాలు దాటి ఇంకా నడుస్తూనే ఉంది. చాలా ఏళ్లు ఇంగ్లీషులో అచ్చుప్రతులు లేక అభిమానులు గోల పెట్టారు. 2025లో విజ్ మీడియా మొదటి సంపుటం నుంచి ఇంగ్లీషులో అచ్చువేయడం మొదలుపెట్టింది. వీలుంటే మొదటి సంపుటం నుంచే చదవండి. త్రీడీ బొమ్మలుగా చూసిన తొలి యుద్ధాలను హారా గీతలో, రెండు పేజీల నిండా పరుచుకున్న సైన్యాలతో చూస్తే, మొదటి సీజన్ మీద పాత అభిమానులకు అంత కోపం ఎందుకో తెలుస్తుంది.